పన్నెండు చుట్టల్లో ఒకటి

పిల్లల యూనిఫారం మీద దారప్పోగు వేలాడుతూ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పాఠం మధ్యలో ఆపి, ఆ పిల్లని దగ్గరికి పిలిచి, బ్యాగులో ఉండే చిన్న కత్తెర తీసి ఆ పోగు కత్తిరించేదాకా నాకు తోచదు. ఫిజికల్ సైన్సు టీచర్ని. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేనని, దిద్దాక దాని గురించి ఓ పావుగంట చెప్పకుండా ఉండలేనని మావారు అంటారు. నిజమే. ఈ గుణం వల్ల మా నాన్నగారు తన పని పోగొట్టుకోబోయారు. ఆ సంగతి చెప్పుకుంటే గానీ నా మనసు తేలికపడేలా లేదు.

నాన్నగారిది కొత్తపేటలో మోటారు వైండింగు షాపు. ఒక పక్క ఎరువుల కొట్టు, ఇంకో పక్క టైలరు. నా చిన్నప్పుడు వరిచేల మోటార్లే వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల నుంచి వస్తాయి. చెరువులో నీళ్లని చిలికి వాటిలోకి గాలి ఎక్కించే రెక్కల చక్రాలుంటాయి, ఏరేటర్లంటారు. వాటి మోటార్లకి ఉప్పుగాలీ తడీ రెండూ పడవు. కాలిన మోటారు షాపులోకి రాగానే మాడిన వార్నిష్ వాసన వస్తుంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన నాన్నగారి చొక్కాలని వదలదు. అమ్మ ఉన్నన్నాళ్లూ వాటిని విడిగా నానబెట్టేది. అమ్మ పోయాక ఆయన మా ఇంట్లోనే ఉంటున్నారు. నాకు అంత ఓపిక లేదు, అందుకని ఇప్పుడు మా ఇంటిల్లిపాది బట్టలకీ అదే వాసన.

ఆయన ఏడో తరగతితో చదువు ఆపేశారు. నేను పదో తరగతికి చెప్పే పాఠాన్నే ఆయన నలభై ఏళ్లకు పైగా చేత్తో చేస్తున్నారు. పాఠం నేను ఇలా మొదలుపెడతాను. అయస్కాంతం మీద తెల్లకాగితం పరిచి, ఇనుప రజను చల్లి, కాగితాన్ని వేలితో మెల్లగా తడతాను. రజను ఈ కొస నుంచి ఆ కొసకి వంపు తిరిగిన గీతలుగా సర్దుకుంటుంది. ఒక్కో రేణువూ ఆ కాసేపూ తానే చిన్న అయస్కాంతమై పక్కదాన్ని పట్టుకుంటుంది. ఇవే బలరేఖలు, గీతలు ఎక్కడ దగ్గరగా ఉంటే అక్కడ బలం ఎక్కువ, కొసల దగ్గర ఎలా గుమిగూడాయో చూడండి అంటాను. తర్వాత ఒక మేకు చుట్టూ రాగితీగ చుట్టి బ్యాటరీకి కలుపుతాను. మేకు గుండుసూదుల్ని ఎత్తుతుంది. కరెంటు తీసేస్తే జలజలా రాల్చేస్తుంది. తీగ కొసలు అటుది ఇటు, ఇటుది అటు మార్చి కలిపితే, ఇందాక ఉత్తర ధ్రువం ఉన్నచోట దక్షిణ ధ్రువం వస్తుంది. ఏ కొస ఉత్తరమవుతుందో నిర్ణయించేది కరెంటు తిరిగే దిక్కు. ఈ మాట బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీస్తాను.

మోటారులో జరిగేదీ ఇదే. గుండ్రటి ఇనుప గుల్ల లోపలి గోడకి గాడులుంటాయి, ఆ గాడుల్లో రాగితీగ చుట్టలు కూర్చోబెడతారు. ఆయన కట్టే ఏరేటర్ మోటార్లలో పన్నెండు చుట్టలు, నాలుగేసి చొప్పున మూడు వరసలు. ఒక వరసలో మొదటిది ఉత్తరమైతే పక్కది దక్షిణం, మళ్లీ ఉత్తరం, మళ్లీ దక్షిణం కావాలి. మూడు వరసల్లోనూ కరెంటు ఒకదాని వెనక ఒకటిగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటే, ఆ ఉత్తర దక్షిణాలు గుల్ల లోపల గిర్రున తిరుగుతాయి. వాటి వెంటబడి మధ్యలోని ఇరుసు తిరుగుతుంది. అందుకని ప్రతి చుట్టకీ ఉండే రెండు కొసల్లో ఏది మొదలో, ఏది చివరో తెలుసుకుని కలపాలి. పన్నెండింటిలో ఒక్కటి తిరగబడితే చాలు, మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది గానీ పని చెయ్యదు.

దీనికి నాన్నగారికి ఒక నియమం ఉంది. వార్నిష్ పొయ్యకముందు, మూడు పెద్ద బల్బులు అడ్డం పెట్టి కరెంటు తగ్గించి ఇచ్చి, గుల్లలో బేరింగు గోళీ ఒకటి వేస్తారు. తిరిగే అయస్కాంతం వెంట గోళీ లోపలి గోడ పట్టుకుని గలగలా పరిగెడుతుంది. ఎక్కడైనా తడబడితే అక్కడి చుట్ట తప్పు. గోళీ తిరగని మోటారు షాపు గడప దాటకూడదు.

ఓసారి ఊరుకోలేక ఆయనకి కూడా పాఠం చెప్పాను.

"ఆ బలరేఖలు నిజంగా ఉండవు నాన్నగారండీ. మన సదుపాయం కోసం గీసుకున్నవి. ఉన్నది క్షేత్రం."

ఆయన హాక్సా బ్లేడు తీసి, కరెంటిచ్చిన గుల్ల మీద ఆనీ ఆనకుండా పట్టుకున్నారు. బ్లేడు జుమ్మని వణికింది. "మరి దీన్ని లాగుతున్నదెవరమ్మా?"

"క్షేత్రమే."

"ఆయ్. ఆ పేరు నాకు తెలీదు. ఇక్కడ గట్టిగా ఉంది, ఇక్కడ పల్చగా ఉంది, అంతవరకు తెలుసు."

ఆయనకి పేరు నేర్పించానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

మా బడి అయస్కాంతాలకి జబ్బు చేసినా ఆయనే వైద్యుడు. పిల్లలు వాటిని కింద పడేస్తారు, ఒకే ధ్రువాలు పక్కపక్కన పెట్టి డబ్బాలో కుక్కేస్తారు, కొన్నాళ్లకి గుండుసూదిని కూడా ఎత్తలేని స్థితికి వస్తాయి. నాన్నగారు లావుపాటి తీగ చుట్టలో వాటిని ఒక్కొక్కటీ దూర్చి, లారీ బ్యాటరీతో ఒక్క దెబ్బ కరెంటిచ్చి మళ్లీ బలం తెప్పించేవారు. ఎర్రరంగు వేసినవైపు ఉత్తరం రావాలి. ఎప్పుడూ వచ్చేది. ఆర్నెల్ల కిందట ఇచ్చినవాటిలో రెండింటికి మాత్రం ఎర్రవైపు దక్షిణం వచ్చింది. క్లాసులో పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి, "కాస్త చూసుకోవద్దా నాన్నగారండీ?" అని విసుక్కున్నాను.

ఆయనకి షుగరుంది. చూపు తగ్గుతోందని ఆయన చెప్పలేదు, నేను గమనించలేదు. సైకిలు మానేస్తే మోకాళ్లన్నారు. పేపరు మానేస్తే అందులో ఏముంటుందన్నారు. కూరలో పచ్చిమిరపకాయ తియ్యకుండా నమిలేస్తే, అన్నం మీద ధ్యాస పెట్టమని నేనే కసిరాను. వెనకటికి తీగచుట్ట మొదలుకొసకి సన్నటి ఎర్రగొట్టం, చివరికొసకి నల్లగొట్టం తొడిగేవారు. కిందటేడు నుంచి అన్నిటికీ పసుపు గొట్టాలే. అడిగితే ఎర్రవి అమలాపురంలో దొరకట్లేదన్నారు. ఏది చెప్పినా రుజువేదని పిల్లల్ని నిలదీసే నేను ఆ మాట నమ్మాను.

ఆ ఆదివారం ఆయనకి క్యారేజీ పట్టుకెళ్లాను. గాలికి స్తంభం పడి ఆ వీధికి కరెంటు లేదు. బల్ల మీద ఏరేటర్ మోటారు గుల్ల ఒకటి ఉంది. చుట్టలన్నీ వేసి, కలపాల్సిన కొసలు పైకి నిలబెట్టి ఉన్నాయి. ఆ మోటారు తాలూకు రైతు పొద్దున్న నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడట. మబ్బు పట్టింది, మబ్బు రోజుల్లో నీళ్లలో గాలి చాలక రొయ్యలు పైకి తేలతాయి, రేపటికల్లా మోటారు కావాలి. నాన్నగారు చేతులు కడుక్కోడానికి వెనక్కి వెళ్లారు. నేను బల్ల సర్దాను. సర్దుతుంటే ఒక తీగకొస మీద తెల్లదారప్పోగు వేలాడుతూ కనబడింది. కత్తెర తీసి, మొదలంటా కత్తిరించి, అక్కడ మిగిలిన ముక్క కూడా లాగేసి, చెత్తబుట్టలో వేశాను. అలాంటి దారాలు మిగతా చుట్టలకీ ఉన్నాయి గానీ గొట్టాల అంచుల కింద ఉండడం వల్ల నా కంటపడలేదు.

అన్నం తిని ఆయన మళ్లీ పనిలో కూర్చున్నారు. నేను పక్కనే స్టూలు మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. కొసలు ఒక్కొక్కటీ తడిమి, మెలిపెట్టి, కలుపుతున్నారు. ఒకచోట ఆగారు. రెండు కొసలు రెండు చేతుల్లో పట్టుకుని, వేళ్లతో పైకీ కిందకీ రాస్తూ చాలాసేపు ఉండిపోయారు.

"ఏంటి నాన్నగారండీ, వెతుకుతున్నారు?"

"ఏం లేదమ్మా. నీ పని చూసుకో."

నా పని చూసుకున్నాను. ఆయన ఇంకాసేపు అలాగే ఉండి, ఆ రెండు కొసలూ కలిపేశారు. ఇందులో ఏది ఏ గాడిలోంచి వస్తోందో చూడమ్మా అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. కళ్లున్న ఎవరైనా చెప్పగలరు. ఎందుకు అడగలేదో అప్పుడు నాకు తెలియదు.

కరెంటు లేదు కాబట్టి గోళీ వెయ్యలేదు. బ్యాటరీకి బజరు తగిలించి తీగలు ఎక్కడా తెగలేదని మాత్రం చూసుకున్నారు. తీగ తెగకపోతే బజరు మోగుతుంది. కరెంటు ఎటు తిరిగి వచ్చిందో అది చెప్పదు. కాసేపు తటపటాయించి వార్నిష్ పోసేశారు. సోమవారం సాయంత్రానికి కూడా స్తంభం లేవలేదు, రైతు వచ్చి మోటారు పట్టుకెళ్లాడు. ఇరుసూ మూతలూ చెరువు దగ్గరే ఉన్నాయి, అక్కడే బిగించుకుంటామన్నాడు.

బుధవారం పొద్దున్న బడికి వెళ్తూ నాన్నగారిని స్కూటీ మీద షాపు దగ్గర దింపాను. అప్పటికే రైతు మోటారు గుల్లతో సహా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మూలుగుతోందండీ మేస్త్రి గారూ. తిరగట్లేదండీ. పర్లేదండీ, పక్క చెరువు మీద నించి ఇంకోటి తెచ్చి బిగించేం. రొయ్యకేం కాలేదండీ."

"ఉంచండి, చూస్తాను."

"ఆయ్. తొందరేం లేదండీ. ఈలోపు వేరేచోట కట్టించుకుంటానండీ."

గుల్ల అక్కడే ఉంచేసి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనానికి నాన్నగారు చితికిపోయారు.

మర్నాటి నుంచి షాపు తియ్యలేదు. "ఇంక చాల్లేమ్మా. చేతులు మాట వినట్లేదు" అన్నారు. నిజం చెప్పాలంటే మొదటిరోజు నాకు హాయిగా అనిపించింది. ఈ వయసులో ఆ వాసనలో ఎందుకని ఎన్నాళ్ల నుంచో పోరుతున్నదాన్ని. రెండో రోజుకే ఆ హాయి పోయింది. వరండాలో కుర్చీలో కూర్చుని, బొటనవేలితో మిగతా వేళ్ల కొసలు ఒక్కొక్కటే రుద్దుకుంటూ ఉండేవారు. దారినపోయేవాళ్లు "షాపు తియ్యలేదేంటండీ?" అంటే "మోకాళ్లండీ" అనేవారు. అన్నానికి పిలిస్తే వచ్చేవారు, పిలవకపోతే అడిగేవారు కాదు. పని లేకుండా ఆయన ఎలా ఉంటారో నేనెప్పుడూ చూడలేదు. చూశాక నిజంగా భయం వేసింది.

శనివారం బడికి సెలవు. ముందురోజే ల్యాబు నుంచి దిక్సూచి తెచ్చుకుని, తాళం చెవి తీసుకుని నేనే షాపు తెరిచాను. తప్పెక్కడుందో కనిపెట్టి, సరిచేయించి, ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టాలని. అందులో ప్రేమ ఎంతో, నాకు తెలుసునని చూపించుకోవాలన్న సరదా ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. స్కూటీ బ్యాటరీ విప్పి, ఒక్కో వరసకీ కలిపి, గుల్ల లోపల దిక్సూచిని చుట్టూ నడిపించాను. మొదటి వరసలో ముల్లు నాలుగుచోట్లా తల తిప్పింది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం. రెండో వరసా అంతే. మూడో వరసలో ఉత్తరం, దక్షిణం, దక్షిణం, దక్షిణం. మూడో చుట్ట తిరగబడింది. కనిపెట్టేశానని సంబరపడ్డాను.

పక్క చుట్టలతో పోల్చి చూద్దామని చుట్టలని బిగించిన కట్టుతాడు విప్పి, గోరుతో వార్నిష్ గీకాను. పక్క చుట్ట మొదలుకొస మీద, గొట్టం అంచు కింద, చిన్న దారపు ముడి తగిలింది. దాని పక్కదానికీ ఉంది. వరసగా అన్నీ చూశాను. పదకొండు చుట్టలకి మొదలుకొస మీద ఒక్కో ముడి ఉంది, చివరికొస మీద లేదు. మూడో వరసలో మూడో చుట్టకి మాత్రం రెండు కొసలూ బోడిగా ఉన్నాయి.

రంగులు కనబడే మనిషికి ముడి అక్కర్లేదు. పసుపు గొట్టాలూ, సైకిలూ, పేపరూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ తర్వాత నా కత్తెర గుర్తొచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. దారం తెంపినందుకు కొంత ఏడ్చాను. పక్కనే ఉన్న కూతుర్ని ఒక్కమాట అడగలేకపోయారే, అంతగా ఎందుకు వెనకాడారని తల్చుకుని ఎక్కువ ఏడ్చాను. "కాస్త చూసుకోవద్దా" అన్న మాట చెవుల్లో వినబడుతూనే ఉంది.

స్కూటీ బ్యాటరీ విప్పేశాను కాబట్టి ఇంటికి నడిచే వెళ్లాను. దారంతా ఒకటే ఆలోచన. చెబితే, ఏడాదిగా ఆయన అంత కష్టపడి దాచుకున్నది నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలుస్తుంది. చెప్పకపోతే, తన వేళ్లు తనని మోసం చేశాయనుకుంటూ ఆ కుర్చీలోనే ఉండిపోతారు. గేటు తీసేసరికి చెప్పెయ్యాలనే తేల్చుకున్నాను. ఎందుకు, ఏమిటని ఆయన అడిగే లోపే ఆటో పిలిచి షాపుకి తీసుకొచ్చాను.

ఆయన వేలు పట్టుకుని దారపు ముడుల మీద పెట్టాను. "ఇది ఉంది. ఇదీ ఉంది. ఇక్కడ లేదు చూడండి. ఆదివారం నేనే కత్తిరించేశాను నాన్నగారండీ. ఊరికే దారప్పోగనుకున్నాను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను కళ్ల ఊసెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"ఒక్కటేనా కత్తిరించేవు?"

"ఒక్కటేనండీ."

"మిగతావో?"

"పదకొండూ సరిగ్గా ఉన్నాయండీ. దిక్సూచి పెట్టి చూశాను."

"రెండుసార్లు చూసేవా?"

"మూడుసార్లండీ."

తల ఊపారు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. తర్వాత బల్ల కింద చెయ్యి పెట్టి పనిముట్ల పెట్టె లాక్కున్నారు. ఆ రెండు కొసలూ విప్పి, మార్చి కలపడానికి పది నిమిషాలు పట్టలేదు. కరెంటుంది. గోళీ వేస్తే ఎక్కడా తడబడకుండా పరిగెత్తింది. ఆయన చెవి ఒగ్గి ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. అప్పటి ఆయన మొహం చూస్తుంటే నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

రైతుకి నేనే ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున్న వచ్చాడు. కొంచెం ఇబ్బందిగానే వచ్చాడు, మోటారు తీసుకుని వెంటనే వెళ్లిపోదామన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్నగారు అతన్ని లోపలికి పిలిచి, ఎదురుగా గోళీ వేసి చూపించారు.

"బాగుందండీ. ఇంతకీ ఏమైందండీ?"

"ఒక చుట్ట తిరగేసి కలిపేనండీ. నాదే పొరపాటు" అన్నారు నాన్నగారు, ఇంకే వివరమూ చెప్పకుండా.

ఆ మాటతో ఆ బేరం పోతుందని ఆయనకి తెలుసు. ఇలాంటి కబురు చెరువు గట్ల మీద ఎంత తొందరగా పాకుతుందో కూడా తెలుసు. అయినా నా పేరు రానివ్వలేదు. నేను వినలేకపోయాను. "కాదండీ, ముడి నేను కత్తిరించేశాను" అనేశాను. అన్నాక గానీ ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో నాకు తట్టలేదు.

"ముడేంటండీ టీచర్ గారూ?"

జవాబు తెలిసీ చెప్పలేక నిలబడిపోవడం నా ఉద్యోగంలో ఎప్పుడూ ఎరగను. నాన్నగారు స్విచ్చి ఆపారు. గోళీ కిందకి దొర్లి ఆగింది.

"నాకు కళ్లు ఆనవండీ" అన్నారు. "మొదలుకొసకి ముడేసుకుని, తడిమి కలుపుతాను. మా అమ్మాయి తెలీక ఆ ముడి తీసేసింది. నేనైనా దాన్ని అడగాల్సిందండీ. సిగ్గేసి అడగలేదు."

ఆ మాట ఆయన నోట వినడం నాకూ అదే మొదటిసారి. రైతు ఆయన కళ్లలోకి చూశాడు, చూస్తున్నట్టు ఆయనకి తెలియలేదు.

"ఎన్నాళ్ల నించండీ?"

"ఏడాది దాటిందండీ."

రైతు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "అంటే కిందటి పంటకి మా తూర్పు చెరువు మీదకి రెండు మోటార్లు కట్టిచ్చేరు. అవీ..."

"ఆయ్. అవీ చూడకుండా కట్టినవేనండీ" అని నాన్నగారు తల దించుకున్నారు. షాపు పూర్తిగా మూసేసుకోవాల్సిందేనని ఆయనకి అప్పుడే అనిపించి ఉంటుంది, నాకైతే అనిపించింది.

రైతు మోటారు ఎత్తబోయి ఆగాడు.

"అవి రెండూ తిరుగుతున్నాయండీ" అన్నాడు. "ఇందాక వచ్చేముందు కూడా చూసే వచ్చేనండీ."